తాడు వదిలిన క్షణమే పాఠం: గుర్రానికి నేల మీద, జీను మీద నేర్పడం

చుక్క నా దగ్గరికి వచ్చినప్పుడు దానికి నాలుగేళ్లు. ముదురు గోధుమరంగు ఒళ్లు, నల్లటి జూలు, నుదుటి మధ్య ఒక తెల్లటి మచ్చ. హాల్టర్ (నోటి కడ్డీ లేకుండా తలకు వేసే పట్టీ) తాడు పట్టుకుని రమ్మంటే నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడిపోయేది. గట్టిగా లాగితే తల పైకెత్తి నాకంటే గట్టిగా వెనక్కి లాగేది. 450 కిలోల జంతువుతో బలంలో పోటీపడి ఏ మనిషీ గెలవలేడు. రెండు రోజులు లాగీ లాగీ నా అరచేతులు కందిపోయాయి తప్ప అది ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

మూడో రోజు లాగడం మానేశాను. తాడులో వదులు లేకుండా చేసి, రెండు వేళ్లతో పట్టుకున్నంత బరువు మాత్రం ఉంచి అలాగే నిలబడ్డాను. లాగలేదు, వదలలేదు. చుక్క తల ఎత్తింది. నా చెయ్యి కూడా దానితోపాటే పైకి వెళ్లింది, బరువు మాత్రం మారలేదు. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. నిమిషం గడిచాక దాని ఛాతీ ఒక్క అంగుళం ముందుకు ఒరిగింది. కాలు ఇంకా లేవలేదు. ఆ క్షణంలోనే తాడు పూర్తిగా వదిలేశాను. చెవులు రెండూ నా వైపు తిరిగాయి. ఒక పెద్ద ఊపిరి వదిలింది. రెండోసారి అదే బరువు పెడితే పది సెకన్లలో ఒక అడుగు వేసింది. ఆరోసారికి తాడు బిగుసుకోకముందే నాతో నడవడం మొదలుపెట్టింది.

గుర్రానికి ఏది నేర్పాలన్నా నాకు తెలిసిన దారి ఇదొక్కటే. ఒత్తిడితో అడుగుతాం, ఆ ఒత్తిడి తీసేసినప్పుడు అది నేర్చుకుంటుంది. తను ఏం చేస్తుండగా మన చెయ్యి వదులైందో, అదే సరైన జవాబు అనుకుంటుంది. ఒక సెకను ఆలస్యంగా వదిలామంటే, ఆ సెకనులో అది తల ఎగరేసి ఉంటే, తల ఎగరెయ్యడం నేర్పినట్టే. అందుకే గుర్రానికి నేర్పడమంటే ముందు మన చేతికి నేర్పుకోవడం.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. దాన్ని అడ్డం పెట్టుకుని గుర్రాన్ని కొట్టేవాళ్లను చాలామందిని చూశాను. మెత్తదనం తప్పు కాదు. ఏం కావాలో తేల్చి చెప్పకపోవడం తప్పు. ఒకరోజు సరే అని, మర్నాడు అదే పనికి కోప్పడితే ఏ గుర్రమైనా గందరగోళపడుతుంది. చేతులు మెత్తగా ఉండాలి, మాట స్పష్టంగా ఉండాలి. రెండూ ఒకే మనిషిలో కుదురుతాయి.

మొదలుపెట్టే ముందు

పశువైద్యుడితో పళ్లు, వీపు, గిట్టలు చూపించండి. గుర్రం ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ చిగురు ఉంటుంది. కళ్లెపు కడ్డీ కూర్చునేది అక్కడే. కొన్ని గుర్రాలకు దవడ పళ్ల ముందు చిన్న పన్ను ఒకటి మొలుస్తుంది. కడ్డీ దానికి తగిలితే గుర్రం తల విదిలిస్తుంది, మనం దానికి పొగరని పేరు పెడతాం. మొండివని నా దగ్గరికి తెచ్చిన గుర్రాల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట నొప్పి దొరికింది.

వయసు సంగతి. నేల మీద పాఠాలు ఏ వయసులోనైనా చెప్పొచ్చు. వీపెక్కడానికి మాత్రం తొందరపడకూడదు. ముందుకాలి మోకాలి దగ్గర ఎముక ఎదిగే భాగం గట్టిపడేసరికే రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. వెన్నుపూసలైతే ఐదున్నర, ఆరేళ్ల దాకా పూర్తికావు. మనం కూర్చునేది సరిగ్గా ఆ వెన్ను మీదే. అందుకే నాలుగేళ్లు నిండేదాకా నేను ఎక్కను. ఎక్కాక కూడా ఏడాదిపాటు వారానికి మూడు నాలుగు రోజులు, మొదటా చివరా నడిపించే నడక కాక రోజుకు ఇరవై నిమిషాలు దాటించను. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఐదోవంతు మించకూడదన్నది చాలామంది పాటించే హద్దు. కుర్ర గుర్రానికి నేను 15 శాతం దగ్గరే ఆగుతాను.

నేల మీద పని చేసేటప్పుడు కూడా హెల్మెట్, మడమ ఉన్న బూట్లు, గ్లవ్స్ వేసుకోండి. పన్నెండు అడుగుల తాడు ఉంటే చాలు. మిగిలిన తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు. మడతలు మడతలుగా అరచేతిలో పట్టుకోండి. గుర్రం బెదిరి పరిగెడితే మడతలు జారిపోతాయి, చుట్లు మాత్రం వేళ్లను బిగించేస్తాయి.

దగ్గరికి వెళ్లేటప్పుడు భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లండి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. కనబడని చోట్లు ముఖ్యంగా రెండు: సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు కాస్త మేర. ఆ రెండు చోట్ల నుంచి చప్పుడు లేకుండా చెయ్యి వస్తే అది ఉలిక్కిపడటంలో వింత లేదు. వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి అది.

నేల మీద

మొదటి పాఠం నడక. మీ భుజం దాని మెడ పక్కన ఉండాలి. మీరు నడిస్తే నడవాలి, ఆగితే ఆగాలి. ఆగేటప్పుడు ముందు మీ ఊపిరి వదలండి, ఆ తర్వాత కాళ్లు ఆపండి, అప్పటికీ అది ఆగకపోతేనే తాడు వాడండి. వరస ఎప్పుడూ ఇదే ఉండాలి. వారం తిరిగేసరికి మీ ఊపిరికే ఆగుతుంది. ఈ ఊపిరే తర్వాత జీను మీద బ్రేకులా పనిచేస్తుంది.

రెండోది తల దించడం. చెవుల వెనక, హాల్టర్ పట్టీ వెళ్లే చోట, తాడుతో కిందికి సన్నటి బరువు పెట్టి వేచి ఉండండి. తల ఒక్క అంగుళం దిగినా వదిలేయండి. ముక్కు మీ మోకాలి ఎత్తుకు వచ్చేదాకా కొంచెం కొంచెంగా. తల ఎత్తిన గుర్రం పరుగుకి సిద్ధంగా ఉంటుంది. తల దించిన గుర్రం ఒళ్లు వదులవుతుంది. కళ్లెం తొడగడానికీ, బెదిరినప్పుడు నెమ్మదించడానికీ ఇది రోజూ పనికొస్తుంది.

వెనక్కి నడపడం సులువే. హాల్టర్ దగ్గర తాడు పట్టుకుని ఛాతీ వైపు చిన్న ఒత్తిడి, ఒక అడుగు వేస్తే వదలడం. రెండు అడుగులు చాలు.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన పాఠం వెనకభాగాన్ని పక్కకు జరపడం. గుర్రం ఇంజన్ వెనకకాళ్లలో ఉంది. తన్నినా, పరిగెత్తినా, ముందుకాళ్లెత్తి లేచినా బలం అక్కడి నుంచే రావాలి. ఒక వెనకకాలు రెండోదాని ముందుగా అడ్డం వేసి నడుస్తున్నంతసేపు ఆ బలం తెగిపోతుంది. ఈ ఒక్కటి వచ్చిన గుర్రం చేతిలో ఉన్నట్టు, రాని గుర్రం ఇంకా చేతిలో లేనట్టు.

ఎడమ పక్కన, భుజానికి కొంచెం వెనగ్గా, దాని డొక్కకు ఎదురుగా నిలబడండి. ఎడమ చేతిలో తాడు పట్టుకుని దాని ముక్కును కొద్దిగా మీ వైపు తిప్పండి. కంటి మూల కనబడితే చాలు. ఇప్పుడు దాని తుంటి వైపు చూడండి. చూపు కూడా గుర్రానికి ఒత్తిడే. కదలకపోతే కుడి చేతి వేళ్లను గర్త్ (జీనును పొట్ట కింద బిగించే పట్టీ) వచ్చే చోటికి ఒక బెత్తెడు వెనక, రేపు మీ మడమ తగిలే చోట, ఆనించండి. ముందు వెంట్రుకలకు తగిలినట్టు, తర్వాత చర్మానికి, తర్వాత కండకు. ప్రతి మెట్టు దగ్గరా రెండు మూడు సెకన్లు ఆగండి. ఈగ వాలినా చర్మం విదిలించే జంతువు అది. మీ వేలు దానికి తెలియక కాదు, ఏం చేయాలో తెలియక నిలబడుతుంది. ఎడమ వెనకకాలు కుడి కాలికి ముందుగా అడ్డం పడగానే చెయ్యి తీసేయండి, చూపు కూడా పక్కకు తిప్పండి. మెడ మీద గోకండి.

మొదట్లో అది తప్పు జవాబులు ఇస్తుంది. ముందుకు నడుస్తుంది, వెనక్కి పోతుంది, మీ మీదికే ఒరుగుతుంది. అప్పుడు ఒత్తిడి పెంచకండి, తీయకండి. అలాగే ఉంచండి, అదే వెతుక్కుంటుంది. ఇక్కడ చుక్క నాకు ఓపిక నేర్పింది. నాలుగు రోజులపాటు నా మీదికి ఒరిగింది. ఐదో రోజు కాలు అడ్డం వేసింది, వేసి తనే ఆశ్చర్యపోయినట్టు మెడ తిప్పి తన తుంటిని చూసుకుంది. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను. మంచి జవాబు వచ్చినప్పుడు ఇంకోసారి, ఇంకోసారి అని అడగాలనిపిస్తుంది. ఆపేయడమే దానికి పెద్ద బహుమతి.

ఇదంతా కుడి వైపు నుంచి మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఎడమ వైపు వచ్చింది కదా అని కుడి వైపు వదిలేస్తే సగం గుర్రానికే నేర్పినట్టు. మనలాగే గుర్రానికీ ఒక పక్క వాటంగా, ఒక పక్క బిగుసుగా ఉంటుంది. బిగుసుగా ఉన్న వైపు ఒకటి రెండు సార్లు ఎక్కువ చేయించండి, అంతకు మించి వద్దు.

ముందుభాగాన్ని జరపడం కూడా ఇలాంటిదే. ఒత్తిడి దవడ దగ్గర, భుజం దగ్గర పెడతాం. ముందుకాలు అడ్డం పడాలి, వెనకకాళ్లు దాదాపు ఉన్నచోటే తిరగాలి.

భయం పోగొట్టడం గురించి ఒక మాట. ప్లాస్టిక్ పట్టా, గొడుగు, ఎగిరే సంచి. వీటిని గుర్రం ముఖం మీద ఆడించి, అలిసిపోయేదాకా ఊపి, అలవాటైంది అనేవాళ్లున్నారు. అలవాటు కాలేదు, ఆశ వదిలేసుకుంది. అలాంటి గుర్రం బయటికి నిశ్శబ్దంగానే ఉండి ఒకరోజు హఠాత్తుగా పేలిపోతుంది. నేను చేసేది వేరు. పట్టాను దూరంగా పట్టుకుంటాను. చుక్క చెవులు రిక్కించి చూస్తుంది, మెడ బిగుస్తుంది. అక్కడే ఆగుతాను. తల కొంచెం దిగినా, రెప్ప వాల్చినా, నేనే పట్టా తీసుకుని వెనక్కి వెళ్లిపోతాను. కదలకుండా నిలబడితే భయపెట్టేది దూరంగా పోతుందని దానికి తెలుస్తుంది. ఆ తర్వాత నేను పట్టా ఈడ్చుకుంటూ ముందు నడుస్తుంటే అది వెనకే వస్తుంది. పారిపోతున్నదాన్ని చూసి ఏ గుర్రమూ ఎక్కువసేపు భయపడదు. మూడో రోజుకి తనే ముట్టెతో తాకింది. గుర్రం పెదాలు నాకినా, ఊరికే నమిలినా అర్థమైపోయినట్టే అని చాలామంది చెబుతారు. నేను దాన్ని టెన్షన్ దిగుతోందనడానికి ఒక గుర్తుగా మాత్రమే తీసుకుంటాను. మెడ, కళ్లు, ఊపిరి కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది.

పొడవాటి తాడు మీద చుట్టూ తిప్పడం చివరికి వస్తుంది. పాతిక, ముప్పై అడుగుల తాడు కావాలి. వలయం ఎంత పెద్దదైతే కీళ్లకు అంత మంచిది. దాని వ్యాసం పదిహేను మీటర్లకు తగ్గకుండా చూడండి, అవసరమైతే మీరూ లోపల చిన్న వలయంలో నడవండి. ఒక్కో వైపు ఐదారు నిమిషాలు చాలు. గుర్రాన్ని అలసగొట్టి లొంగదీయడానికి దీన్ని వాడితే రోజురోజుకీ దాని దమ్మే పెరుగుతుంది, బుద్ధి కుదురుకోదు. నడక, ట్రాట్ (నడక కంటే వేగమైన దుడుకు నడక), మళ్లీ నడక, ఆగడం. మాటకు మారాలి. నేను 'పద' అంటే నడక, నాలుకతో టక్ మంటే ట్రాట్, 'హో' అని సాగదీస్తే ఆగడం. మీ మాట ఏదైనా పర్వాలేదు, రోజూ అదే ఉండాలి. ఎక్కిన కొత్తలో గుర్రానికి తెలిసిన భాష ఇదొక్కటే.

జీను

ముందు జీను కింది దుప్పటిని చూపించి, వాసన చూడనిచ్చి, వీపు మీద వేసి, తీసి, మళ్లీ వేయండి. ఇక్కడా అదే పద్ధతి, నిలబడితే తీసేయడం. తర్వాత జీను. దాన్ని పైనుంచి పడేయకుండా మెల్లగా దించండి. రికాబులు పైకి కట్టి ఉంచండి, డొక్కలకు కొట్టుకోకుండా.

గర్త్ ఒకేసారి బిగించడం నేను చూసిన తప్పుల్లో పెద్దది. జీను జారకుండా ఉండేంత మాత్రం బిగించి, పది అడుగులు నడిపించి, ఒక రంధ్రం బిగించి, మళ్లీ నడిపించి, ఇంకో రంధ్రం. మూడు దఫాలు. మూపు ఎముకకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. నోటికి మొదటి కళ్లెంగా మామూలు స్నాఫిల్ కడ్డీ (మీట లేని సాదా నోటి కడ్డీ) చాలు. ముక్కు పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా పట్టాలి. నోరు కట్టేస్తే గుర్రం ఇబ్బంది చెప్పుకోలేదు, మనకు తెలియదు.

మొదటిసారి ఎక్కడం

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. చుక్కకు చాలా ఏళ్ల ముందు, ఒక కుర్ర మగగుర్రం ఎక్కేటప్పుడు కదిలేది. నేను చురుగ్గా ఉండేవాణ్ని, అది కదులుతుండగానే ఎక్కేసేవాణ్ని. ఎక్కగానే నడవడం అలవాటైంది, తర్వాత ఎక్కకముందే నడవడం అలవాటైంది. ఒకరోజు నా ఎడమ పాదం రికాబులో ఉండగా, కుడి కాలు ఇంకా గాలిలో ఉండగా ట్రాట్‌లోకి వెళ్లింది. కింద పడ్డాను. పాదం రికాబులోంచి జారి బయటపడింది కాబట్టి ఈడ్చుకుపోలేదు. కాలర్ ఎముక ఆరు వారాలు కట్టులో ఉంది. ఆ కదలికను ప్రతిరోజూ నేర్పింది నేనే. అది కదిలినప్పుడల్లా ఎక్కాను, అంటే కదలడమే సరైన జవాబని చెప్పాను.

కాబట్టి ఎక్కే పీట దగ్గర ఎంత సమయమైనా పెట్టండి. రికాబు మీద బరువు వేసి నేల నుంచి ఎక్కితే జీను పక్కకు లాగి వీపును నొక్కుతుంది, పీట వాడటం గుర్రానికీ మంచిది. గుర్రాన్ని పీట పక్కన నిలబెట్టండి. పీట మీద నిలబడి వీపంతా నిమరండి, జీనును తట్టండి, వంగి అటు పక్క తాకండి. అది కదిలిందా, కోప్పడకుండా దిగండి, వెనకభాగం రెండుసార్లు జరిపించండి, నాలుగు అడుగులు నడిపించి మళ్లీ పీట దగ్గరికి తెచ్చి నిలబెట్టండి. పీట దగ్గర విశ్రాంతి, దూరంగా పని. ఈ లెక్క దానికి త్వరగానే అర్థమవుతుంది. చుక్కకు మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు, తాడు పట్టుకోవడానికి నమ్మకమైన మనిషి ఒకరు తల దగ్గర నిలబడగా, నా పొట్ట దాని వీపు మీద ఆనేలా అడ్డంగా వాలాను. ఐదు సెకన్లు, దిగిపోయాను. మళ్లీ పది సెకన్లు. మర్నాడు రికాబులో పాదం పెట్టి నిటారుగా లేచి, దిగాను. ఆ మర్నాడు కుడి కాలు అటు వేసి, పిర్ర మీద తగలకుండా చూసుకుని, జీనులోకి మెత్తగా దిగాను. చుక్క చెవులు వెనక్కి తిరిగాయి, ఒక కన్ను నన్ను వెతికింది. తన మీద ఉన్నది నేనేనని తెలియడానికి మాట్లాడుతూ మెడ గోకాను. కదలమని అడగలేదు. రెండు నిమిషాలు కూర్చుని దిగాను. ఆ రోజు సవారీ అంతే.

జీను మీద

మొదటి వారం తాడు కింద మనిషి చేతిలోనే ఉండనివ్వండి. మీరు 'పద' అనండి, పిక్కలతో సన్నగా ఆనించండి, కింద మనిషి నడుస్తాడు. రెండు సూచనలు కలిసి వస్తాయి. నాలుగైదు రోజులకి కింద మనిషి కదలకపోయినా గుర్రం మీ కాలికి నడుస్తుంది. నడవగానే పిక్కలు వదులు. అడుగడుగుకీ డొక్కలు నొక్కుతూ కూర్చునేవాళ్ల గుర్రాలు కొన్నాళ్లకు ఆ కాలును వినడం మానేస్తాయి.

ఆగడానికి ఊపిరి వదిలి, నడుము దిగనిచ్చి, అప్పుడు పగ్గాల మీద వేళ్లు మూయండి. లాగొద్దు, మూయండి. ఆగగానే వేళ్లు తెరవండి. తిరగడానికి, ముందు మీరు ఆ వైపు చూడండి, తర్వాత మీ ఛాతీ తిరగనివ్వండి, లోపలి పగ్గం, అంటే తిరిగే వైపు పగ్గం, చివర్లో.

నేల మీద వెనకభాగం జరిపిన పాఠం ఇక్కడ తిరిగి వస్తుంది. నిలబడి ఉండగా ఎడమ పగ్గంతో ముక్కును కొంచెం తిప్పి, ఎడమ మడమను వేళ్లు ఆనించిన చోటే ఆనించండి. వెనకకాలు అడ్డం పడగానే రెండూ వదలండి. దీన్ని నడకలో కూడా చేయించండి, రెండు వైపులా, రోజూ. మా తొమ్మిదో సవారీలో పొదలోంచి పిట్టల గుంపు ఒక్కసారిగా లేచింది. చుక్క వీపు నా కింద బిగుసుకుపోయింది, రెండు అంగల్లో పరుగందుకుంది. ఎడమ చేతిని నా తొడ వైపు తెచ్చి, మడమ ఆనించాను. దాని వెనకకాలు అడ్డం పడింది, ఇంకోసారి పడింది, ఆగిపోయింది. ఒళ్లంతా వణుకుతోంది, కానీ ఆగింది. పగ్గం వదిలేశాను. తల దించింది. ఇది పరుగు మొదలైన రెండు మూడు అంగల్లోనే చేయాలి. పూర్తి వేగంలో ఉన్న గుర్రం తలను ఒక పక్కకు గట్టిగా లాగితే అది పడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు పెద్ద వలయంలోకి మళ్లించి, దాన్ని మెల్లమెల్లగా చిన్నది చేయడమే దారి.

తర్వాత నెలరోజుల పనిలో నేను ఎక్కువగా నమ్ముకునేది మార్పులనే. నడక నుంచి ఆగడం, ఆగడం నుంచి నడక, నడక నుంచి ట్రాట్, తిరిగి నడక. ఇరవై మీటర్ల వ్యాసం ఉన్న వలయంలో నాలుగు చోట్ల గుర్తులు పెట్టుకుని, ప్రతి గుర్తు దగ్గరా ఒక మార్పు. గుర్రం మిమ్మల్ని వినడం మొదలుపెడుతుంది, వెనకకాళ్లు ఒంటి కిందికి వస్తాయి. వేగం పెంచితే ఈ రెండూ రావు.

ట్రాట్ రెండు దెబ్బల నడక, ఐమూలగా ఉన్న కాళ్లు జంటగా పడతాయి. వలయంలో గుర్రం బయటి భుజం ముందుకు వెళ్లినప్పుడు జీనులోంచి లేవండి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోండి. అప్పుడు లోపలి వెనకకాలు నేల మీద ఉండగా మీరు కూర్చుంటారు. దిశ మార్చినప్పుడు ఒక దెబ్బ అదనంగా కూర్చుని మార్చుకోండి. ఎప్పుడూ ఒకే వైపు లేస్తే గుర్రం వీపు ఒక వైపే బలపడుతుంది.

పాము వంకరల దారి, అంటే మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు మూడు పెద్ద మలుపులు, నడకలో మొదలుపెట్టి ట్రాట్‌లో. ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య గుర్రాన్ని నాలుగు అడుగులు తిన్నగా నడిపించాలి. తిన్నగా నడవడమే కష్టం, మలుపు కాదు.

నేల మీద వేసే కర్రలు నాకు చాలా ఇష్టం. గుర్రం తల దించి, కాళ్లెత్తి, ఆలోచించి నడుస్తుంది. మొదట ఒక్క కర్ర. తర్వాత మూడు. రెండు వేస్తే కొన్ని గుర్రాలు కలిపి దూకేస్తాయి. నడకకు కర్రల మధ్య రెండున్నర నుంచి మూడు అడుగులు, ట్రాట్‌కు నాలుగు నుంచి నాలుగున్నర. చుక్క పొడవాటి అంగ వేస్తుంది కాబట్టి దానికి నాలుగున్నర కుదిరింది. గిట్ట కర్రకు తగులుతుంటే దూరం మార్చి చూడండి, గుర్రాన్ని తిట్టకండి.

వెనకభాగం, ముందుభాగం జరగడం నేల మీద వచ్చింది కాబట్టి జీను మీద పక్కకు నడవడం సులువు. గోడకు ఐదారు అడుగుల దూరంలో తిన్నగా నడుస్తూ, లోపలి, అంటే గోడకు దూరంగా ఉన్న, పిక్కతో గర్త్ వెనక ఆనించి గోడ వైపు జరగమనండి. మెడ తిన్నగా ఉండాలి, నాలుగు కాళ్లూ ముందుకీ పక్కకీ కలిపి పోవాలి. రెండు మంచి అడుగులు వస్తే వదిలేసి తిన్నగా నడిపించండి.

క్యాంటర్‌కు, అంటే ట్రాట్ తర్వాతి మెట్టయిన మూడు దెబ్బల పరుగుకు, తొందర లేదు. ట్రాట్ నిలకడగా, ఒకే లయలో, రెండు వైపులా వచ్చాకే. వలయంలో ట్రాట్ చేస్తూ, బయటి కాలు కొంచెం వెనక్కి, లోపలి కాలు గర్త్ దగ్గర, మాటతో అడగండి. లోపలి ముందుకాలు ముందుగా సాగాలి. తప్పు కాలు మీద వెళ్తే ట్రాట్‌కి తెచ్చి మళ్లీ అడగండి. పది అంగలు చాలు. ట్రాట్‌లో వేగం పెంచుకుంటూ క్యాంటర్‌లోకి తోసేస్తే గుర్రం పరుగుకీ క్యాంటర్‌కీ తేడా నేర్చుకోదు. అప్పుడు ఆ రోజుకి నడకలోకి తెచ్చి ఆపేయడమే మేలు.

ప్రతి సవారీ పది నిమిషాల నడకతో మొదలై, వదులు పగ్గాల మీద పది నిమిషాల నడకతో ముగియాలి. నిలకడగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఊపిరి 8 నుంచి 16 సార్లు తీస్తుంది. మీ గుర్రం మామూలు లెక్క ముందే రాసిపెట్టుకోండి. పని అయిన అరగంటకీ ఊపిరి దిగకపోతే మీరు ఎక్కువ అడిగినట్టు.

జీను తీశాక వెంటనే తుడిచేయకండి, ముందు వీపు చూడండి. చెమట రెండు పక్కలా సమానంగా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా అరచేతి అంత పొడి మచ్చ కనబడితే, అక్కడ జీను మరీ గట్టిగా నొక్కుతూ ఉండొచ్చు. రెండో నెలలో గర్త్ పట్టుకోగానే చుక్క చెవులు వెనక్కి వేయడం మొదలుపెట్టింది. నేను పాఠంలో తప్పు వెతికాను. తప్పు ఎడమ భుజం వెనక, ఆ పొడి మచ్చలో ఉంది. కండ పెరిగి దాని ఒళ్లు మారింది, జీను మారలేదు. పది రోజులు జీను వేయకుండా మళ్లీ నేల మీదే పని చేశాం. వేరే జీను వేసిన రోజు, గర్త్ మొదటి రంధ్రంలోకి వెళ్తుండగా, తల దించి నా బూటు వాసన చూసింది.